ఒంట్లో ఉన్నది ఒడ్డునే చెప్పాలి

మా ఊళ్ళో ఫారాలు నింపేది నేనే. రేషన్ కార్డుకైనా, వేట నిషేధం డబ్బులకైనా, పడవ లైసెన్సుకైనా అందరూ మా అరుగు మీదకే వచ్చి కూర్చుంటారు. "అమ్మాయి బందర్లో డిగ్రీ చదివింది, ఇంగ్లీషు కూడా రాస్తుంది" అని మా నాన్న ఊరంతా చాటాడు. నాకున్న వ్యాపారం ఎండుచేపలది. పొద్దున్నే ఉప్పు పట్టించి, ఎండబెట్టి, గుడివాడ పంపిస్తాను. చేతికి ఆ వాసన ఉండగానే పెన్ను పట్టుకుంటాను. నా రాత గుండ్రంగా ఉంటుంది, ఏ ఆఫీసువాడూ ఇంతవరకూ తిప్పి పంపలేదు. అలాంటి నా రాతే నా కొంప ముంచింది.

మా ఆయన నాకు మేనత్త కొడుకు, దివిసీమ మనిషి. పెళ్ళయ్యాక అవనిగడ్డ వైపు నుంచి మంగినపూడి దగ్గరున్న మా ఊరొచ్చి మా నాన్న పడవలో చేరాడు. వేట నిషేధం రెండు నెలలూ మగాళ్ళకి పనుండదు. అందరూ ఇసకలో కబడ్డీ ఆడతారు. మిగతావాళ్ళకది కాలక్షేపం, ఈయనకి మాత్రం పిచ్చి. కూతకెళ్ళాడంటే ముగ్గుర్ని ముట్టుకుని గానీ వెనక్కి రాడు. ఆ ఇసకలోంచి మండలం పోటీలకి, అక్కణ్ణుంచి గుడివాడ టోర్నమెంటుకి, అక్కడ ఎవరో చూసి టీవీలో వచ్చే పెద్ద లీగు వేలానికి తీసుకెళ్ళారు.

వేలం రోజు ఊరు ఊరంతా మా టీవీ ముందే కూర్చుంది. పాట పైకి పోతుంటే మా మరిది గంతులేశాడు. వాడు ఈయనకి ఒక్కడే తమ్ముడు, వాడూ ఆటగాడే. "వదినా, అన్నయ్య కోసం కొట్టుకుంటున్నారే!" అంటూ నా చెయ్యి పట్టుకుని గుంజాడు. చివరికి ఒక క్లబ్బువాళ్ళు కొనుక్కున్నారు. ఎంతకో ఇక్కడ రాయను. రాస్తే నా చెయ్యే నన్ను వెక్కిరిస్తుంది.

సంతకాల కోసం క్లబ్బు మేనేజరు బందరు వచ్చి హోటల్లో దిగాడు. తెల్లచొక్కా, తెలుగువాడే, మాట తేనె. రెండేళ్ళ కాంట్రాక్టు. సగం డబ్బు మొదటి సీజనుకి, మిగతా సగం రెండో సీజనుకి. "రెండో సగం గ్యారంటీ అమ్మా. ఆడినా మీదే, దెబ్బ తగిలి మంచాన పడ్డా మీదే. ఇంక మీకు భయమే లేదు" అన్నాడు. ఆ గ్యారంటీ అనే మాట నా చెవిలో పడిన దగ్గర్నుంచీ నా కళ్ళ ముందు పడవే.

ఎందుకంటే మా నాన్న పడవ అప్పటికే ముసలిదైపోయింది. ఎన్నిసార్లు పూత పూసినా నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. హార్బరు దగ్గర పడవలు కట్టే మేస్త్రి ఒకాయన కొత్త ఫైబర్ పడవ మొదలుపెట్టాడు. మొదటి సగం ఇంటి అప్పులకి సరిపోతుంది. రెండో సగంతో పడవ మనదవుతుంది, ఈయన ఆట మానేసినా బతుకు గడుస్తుంది. నా గొలుసూ గాజులూ అమ్మి మేస్త్రికి అడ్వాన్సు ఇచ్చేశాను. పై ఏడు వేట మొదలయ్యే లోపల మిగతాది కట్టాలి, లేకపోతే అడ్వాన్సు పోతుంది, పడవ ఇంకొకరిదవుతుంది. అదీ ఒప్పందం. గ్యారంటీ ఉందిగా అని ధైర్యం.

కాంట్రాక్టు వెనకాల ఆరోగ్యం ఫారం ఒకటి ఉంది. ఆ సంగతి చెప్పే ముందు మా పడవలో ఒక పద్ధతి ఉంది, అది చెప్పాలి. నిషేధం అయిపోయి పడవ దింపే పొద్దున గంగమ్మకి కొబ్బరికాయ కొట్టగానే ఎవడూ పడవెక్కడు. సరంగు, అంటే పడవ నడిపే పెద్ద, ఒడ్డున నిలబడతాడు. మా పడవకి మా నాన్నే సరంగు. పనివాళ్ళు ఒక్కొక్కరే ఎదురుగా వచ్చి ఒంట్లో ఉన్న లోపం చెప్పాలి. నడుం నొప్పి, రేచీకటి, మూర్ఛ, ఏదైనా సరే. విన్నవాడు నవ్వకూడదు. రేచీకటివాణ్ణి రాత్రి కాపలాకి పెట్టరు, నడుం నొప్పివాడికి వల బరువు రానివ్వరు. చెప్పినవాడు మధ్యలో పడిపోతే సీజనంతా ఇంట్లో పడుకున్నా వాడి వాటా వాడి గుమ్మంలోకి వస్తుంది. దాచినవాడికి చిల్లిగవ్వ రాదు. "ఒంట్లో ఉన్నది ఒడ్డునే చెప్పాలిరా, నీళ్ళలో చెబితే అందరం పోతాం" అంటాడు మా నాన్న. ఆ మాట వింటూ పెరిగినదాన్ని నేను.

ఫారంలో ఒక ప్రశ్న, పూర్వం ఏమైనా గాయాలున్నాయా అని. నేను పైకి చదివాను. "మోకాలు రాయవే, ఎడమది. పడవ తోస్తుంటే మెలిపడిందిగా" అన్నాడు ఈయన, క్షణం ఆలోచించకుండా. నేనూ ఆలోచించలేదు. ఏ కాలు, ఏ ఏడు, ఎలా మెలిపడింది, నాటువైద్యుడి కట్టుతో ఎన్నాళ్ళకి తగ్గింది, అడగనివి కూడా పూసగుచ్చినట్టు ఇంగ్లీషులో రాశాను. నా ఇంగ్లీషు చూసి నేనే మురిసిపోయాను. మేనేజరు చదివి నవ్వాడు. "ఇంత నిజాయితీగా ఎవరూ రాయరమ్మా" అన్నాడు. ఆ మెప్పుకి పొంగిపోయాను, వెర్రిమొహాన్ని. వాళ్ళ డాక్టరు కాలు వంచి, తిప్పి, పరిగెత్తించి, అంతా బాగుందని సంతకం పెట్టాడు.

ఎనిమిదో మ్యాచ్‌లో జరిగింది. ఈయన కూతకెళ్ళాడు. వెనక్కి తిరుగుతుంటే అవతలి జట్టువాళ్ళిద్దరు ఒక్కసారే కాలి మీద పడ్డారు. ఎడమ కాలే. కాలు అటు తిరిగిపోతున్నా నోట్లో కూత ఆపలేదు, పాక్కుంటూ చెయ్యి చాచి గీత ముట్టుకున్నాడు. పాయింటు వచ్చింది. ఆ పాయింటుతో ఈయన్ని కొన్న క్లబ్బు గెలిచింది. టీవీలో వాళ్ళ జెండాలు ఊపుతుంటే నేను నేల మీద కూలబడి ఏడుస్తున్నాను.

ఆపరేషన్ వాళ్ళే చేయించారు, కాదనను. పూలగుత్తి కూడా పంపారు. అది వాడిపోక ముందే ఉత్తరం వచ్చింది. మోకాలికి పాత గాయం ఉన్నట్టు ఆటగాడే రాతపూర్వకంగా తెలియజేశాడు గనక, ఈ దెబ్బ ఆ గాయానికి కొనసాగింపు గనక, రెండో సీజను గ్యారంటీ వర్తించదు, కాంట్రాక్టు రద్దు. కింద సాక్ష్యంగా నా గుండ్రటి రాత జిరాక్సు. ఓడెక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అని ఊరికే అన్నారా! మేనేజరుకి ఫోన్ చేస్తే ఎత్తడు. ఇంకో నంబరు నుంచి చేస్తే, "అది లీగల్ వాళ్ళు చూస్తారమ్మా, నా చేతిలో ఏముంది" అన్నాడు. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళ గొంతు ఎంత మెత్తగా ఉంటుందో అప్పుడు విన్నాను.

బందర్లో లాయరు గారి దగ్గరకెళ్ళాం. ఆయన కాగితాలన్నీ రెండుసార్లు చదివారు. "గ్యారంటీ అనే మాట కింద ఎన్ని మినహాయింపులు పెట్టారో చూశారాండీ? అమెరికాలో ఫుట్‌బాల్ అని ఒకటుంది. ఒకరి మీదొకరు పడి గుద్దుకునే ఆట. అక్కడా పేపర్లో పెద్ద అంకె వేస్తారు, అందులో గ్యారంటీ కొంతే. ఆ కొంత కోసం కూడా లాయర్లని పెట్టుకుని కొట్లాడాలి" అన్నారు.

"అంత డబ్బున్న దేశంలో కూడా ఇదే ఏడుపాండీ?" అన్నాను.

"డబ్బున్న చోటే కదమ్మా ఏడుపు. అక్కడ ఆటగాళ్ళకి సంఘం ఉంది, పక్కన కూర్చుని చదివిపెట్టేవాడుంటాడు. మీవారికెవరున్నారు?"

"నేనున్నాను" అన్నాను. ఆయన నా రాత జిరాక్సు నా వైపు జరిపారు. అది చెంపదెబ్బలా తగిలింది.

కాంట్రాక్టు ప్రకారం గొడవ తీర్చే పెద్దమనిషి ముంబైలో ఉంటాడు, కంప్యూటర్లో కనిపించి విచారిస్తాడు. విచారణకి ముందు రోజు లాయరు గారు నన్ను పక్కకి పిలిచారు. "వాళ్ళకున్న ఆధారమల్లా మీ రాతేనమ్మా. ఆయన చెప్పలేదు, నేనే ఎవరి సంగతో పొరబడి రాశాను అన్నారనుకోండి, కేసు నిలబడుతుంది. డాక్టరు సంతకం మనకుంది. నేను చెప్పమనడం లేదు. నిజం మీకు తెలుసు." నేను ఇంటికొచ్చి ఈయనతో చెప్పాను. ఊఁ అనలేదు, ఉఁహూఁ అనలేదు. ఊరుకున్నాడంటే ఒప్పుకున్నాడనుకున్నాను. చేపలు తిరగేస్తూ ఆ అబద్ధం పాతికసార్లు వల్లించాను.

మర్నాడు లాయరు గారి ఆఫీసులో కంప్యూటరు ముందు ఇద్దర్నీ కూర్చోబెట్టారు. అటు క్లబ్బు లాయరు, మధ్యలో ఆ పెద్దమనిషి, మా మాట వాళ్ళకి చెప్పడానికి ఒక తెలుగమ్మాయి. రాత ఎవరిదని అడిగారు. నాదే అన్నాను. "ఊళ్ళో అందరి ఫారాలూ నేనే నింపుతానండీ. ఇంకొకరి సంగతి ఇందులో రాసేశాను. మా ఆయన చెప్పలేదు, ఆయనకి ఇంగ్లీషు రాదు." తెలుగమ్మాయి చెప్పడం అయ్యాక పెద్దమనిషి తలాడించాడు. నమ్మాడు. నా కళ్ళతో చూశాను, నమ్మాడు! పడవ నీళ్ళలో దిగినంత పనైంది నాకు.

తర్వాత ఈయనని అడిగాడు, "మీ భార్య చెప్పింది నిజమేనా?" అని.

ఒక్క అవును చాలు. తలూపినా చాలు. బల్ల కింద ఈయన చెయ్యి గట్టిగా నొక్కాను. "చెప్పానండీ" అన్నాడు. "నేనే రాయమన్నాను. కాలికి పాత దెబ్బ ఉన్నమాట నిజమే. పని చేసే చోట ఒంట్లో ఉన్నది ముందే చెప్పడం మా అలవాటు. కానీ అప్పుడు తగ్గిపోయింది. ఇప్పుడు విరిగింది మీ ఆటలోనండీ."

తెలుగమ్మాయి అది చెబుతుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరిక్కావాలి ఆ నీళ్ళు? తీర్పు రెండు వారాలకి వచ్చింది. ఆటగాడి నిజాయితీని మెచ్చుకుంటున్నాం, అయితే ఒప్పందం ప్రకారం గ్యారంటీ వర్తించదు. అదీ తీర్పు.

విచారణ రోజు ఆటోలో ఇంటికొస్తూ నేను నోరు పారేసుకున్నాను. "నీ నిజానికి ఉప్పు రాసి ఎండబెట్టుకో బావా! గుడివాడలో ఎవడైనా కొంటాడేమో అడుగుతాను!" అని అరిచాను. ఆటో అబ్బాయి అద్దంలో చూస్తున్నా ఆగలేదు. ఈయన కర్ర మీద గడ్డం ఆనించి బయటికి చూస్తూ, "మావయ్యకేం చెప్పేవాణ్ణే?" అన్నాడు. అంతే. నాకింకా ఒళ్ళు మండిపోయింది.

నా గొలుసూ గాజులూ అమ్మిన డబ్బు మేస్త్రి దగ్గరే ఉండిపోయింది. ఆ కొత్త పడవ ఇప్పుడు పక్క ఊరివాళ్ళది. వేటకెళ్ళే ప్రతి పొద్దూ మా ముందు నుంచే పోతుంది. నేను అటు చూడను.

ఇంకోటి చెప్పకపోతే కళ్ళు పోతాయి. ఈయన కర్రతో ఇంట్లో ఉన్న ఆ సీజనంతా, మా నాన్న దగ్గర పని నేర్చి ఇప్పుడు వేరే పడవకి సరంగైన ఒకాయన, మా గుమ్మంలో వాటా పెట్టించాడు. ఈయన ఆ పడవెక్కిందే లేదు. ఎందుకని అడిగితే, "చెప్పినవాడి వాటా తల్లీ" అన్నాడు. ఏ కాగితమూ లేదు, ఏ సంతకమూ లేదు. ఆ చేపలు కడుగుతూ నేను ఏడ్చిన ఏడుపు ఆ లీగువాళ్ళకి తగలాలి.

మొన్నామధ్య మా మరిదికి వచ్చింది కాంట్రాక్టు. ఇంకో క్లబ్బు, ఇంకో మేనేజరు, అదే తేనె. "వద్దురా" అన్నాను. "మరి పడవ ఎక్కణ్ణుంచి వస్తుంది వదినా?" అన్నాడు. కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు, రాసేది నేనేగా మరి. వెనకాల అదే ఫారం, అదే ప్రశ్న. వాడి కుడి భుజం రెండుసార్లు జారింది. ఊళ్ళో అందరికీ తెలుసు.

"భుజం సంగతి రాయాలిగా వదినా" అన్నాడు.

వసారాలో మా నాన్న వల బాగుచేసుకుంటున్నాడు. ఇప్పుడాయనకి చూపు ఆనదు, చెవులు మాత్రం పాము చెవులు. "ఒంట్లో ఉన్నదంతా చెప్పాడా అమ్మాయ్?" అని అడిగాడు.

"చెప్పాడు నాన్నా."

"రాశావా?"

ఫారం గడిలో "ఏమీ లేవు" అని ఇంగ్లీషులో గుండ్రంగా రాశాను. "రాశాను నాన్నా" అన్నాను.

మరిది చదివి నోరు తెరిచాడు. మా ఆయన మంచం మీద నుంచి లేచి, కర్ర పట్టుకుని వచ్చి, నా భుజం మీదుగా వంగి ఆ గడి చూశాడు. ఈ మాత్రం ఇంగ్లీషు ఆయనకి ఇప్పుడొచ్చు. ముంబై పెద్దమనిషి ముందు క్షణం ఊరుకోలేకపోయిన మనిషి, ఇంకేముంది, ఇప్పుడు అరుస్తాడనుకున్నాను. వసారా వైపు ఒకసారి చూశాడు. నా చేతిలోంచి పెన్ను తీసుకుని తమ్ముడికిచ్చాడు.

"ఇక్కడరా సంతకం" అన్నాడు, మా నాన్నకి వినపడనంత మెల్లగా.