గడ్డం తొండకు నీళ్ళు పోసిన అబీదా

అబీదా మోచెయ్యి బేసిన్‌లో ముంచి కాసేపు అలాగే ఉంచింది. పసిబిడ్డ నీళ్ళకన్నా వేడి కొంచెం తక్కువుండాలని బాపట్ల కుర్రాడు ఫోన్లో చెప్పాడు. చెంబుడు చన్నీళ్ళు కలిపి మళ్ళీ మోచేతితోనే చూసింది. పనిచేసి మొద్దుబారిన అరచెయ్యి చెప్పేది ఆమె నమ్మదు. బేసిన్‌లో నీళ్ళు రెండు వేళ్ళ లోతుకు మించి లేవు.

పక్కన గాజు పెట్టెలో, వేడి దీపం కింద, మూరెడు పొడవు జంతువు రాతిమీద పడుకుని ఆమెనే చూస్తోంది. ఒళ్ళంతా గరుకు. చెంపల నుంచి గొంతుదాకా ముళ్ళ గడ్డం. బియర్డెడ్ డ్రాగన్ అంటారు, ఆస్ట్రేలియా జాతి. రేపల్లెలో ఆ వీధివాళ్ళకు అది గడ్డం తొండ. దాన్ని పెంచిన సింధు మాత్రం తాతయ్య అని పిలిచేది.

సింధు కిందటి వానాకాలంలో జ్వరమొచ్చి చనిపోయింది. ఇంకా చదువు పూర్తికాని పిల్ల. ఆమె తల్లి జయలక్ష్మి ఇప్పుడు గుమ్మం దగ్గర ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడి ఉంది.

"తలుపేసి లోపలికి రా జయా. చలిగాలి కొడుతోంది."

"నేనిక్కడే ఉంటా అబీదక్కా. నువ్వు కానివ్వు."

ప్రహరీ గోడ మీదనుంచి పక్కింటి ఆదిలక్ష్మి తొంగిచూసింది. "బల్లి మీద పడితే మనం తలస్నానం చేస్తాం. మీ ఇంట్లో బల్లికే తలస్నానమా?"

"బల్లి కాదొదినా, తొండ," అంది జయలక్ష్మి.

"ఏదైతే ఏంటి? సున్నిపిండి కూడా రుద్దుతారా?"

"మిగిలితే నీకూ పంపిస్తాలేమ్మా," అంది అబీదా, తలెత్తకుండా.

అబీదాది తెనాలి. పసిబిడ్డలకు నీళ్ళు పోయడం ఆమె పని. ఎవరూ నేర్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఆడబిడ్డ పురిటి మంచం మీద లేవలేకపోతే, ఆమె పసిబిడ్డను తన కాళ్ళమీద వేసుకుని తొలిసారి పోసింది. నూనె ఒంటితో బిడ్డ జారిపోతుందన్న భయంతో కాళ్ళమీద తడిగుడ్డ పరుచుకుంది. ఎంత చెయ్యి తిరిగినా ఆ గుడ్డ మాత్రం మానలేదు. తెనాలిలోనూ, చేబ్రోలు వైపూ, రేపల్లె రైలు లైను పొడుగునా ఎన్నో ఇళ్ళలో పోసింది. భర్త నజీరుద్దీన్ పోయాక ఆ పనే ఆమెకు ఆధారమైంది. బిడ్డ ముక్కు నొక్కవద్దు, చెవుల్లో నూనె పోయవద్దు అని ఆసుపత్రివాళ్ళు చెప్పినప్పుడు వాదించలేదు. ఆ రెండూ వదిలేసి మిగతా పని చేసుకుపోయింది. ఈమధ్య పిలుపులు తగ్గాయి. రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్ళో ఒక బిడ్డ ఉంది, అంతే.

సింధు పుట్టినప్పుడు కూడా ఆమే నీళ్ళు పోసింది. అందుకే జయలక్ష్మి ఫోన్ చేసినప్పుడు ఎందుకు, ఏంటి అని అడగలేదు.

సంగతి ఇది. సింధు ఉన్నన్నాళ్ళూ తాతయ్యకు ఆదివారం ఆదివారం వసారాలో స్నానం ఉండేది. ఆమె పోయాక జయలక్ష్మి పెట్టె మూత తీసి ఆకులు, పురుగులు పడేసేది, దీపం వేసేది, ఆర్పేది. ముట్టుకోవడం మాత్రం ఆమెవల్ల కాలేదు. చిన్నప్పటినుంచీ బల్లి జాతి అంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. ఈ జాతి ఒళ్ళు పెరిగేకొద్దీ పాత తోలు వదులుతుంది. నీళ్ళు తగలక ఆ తోలు కాలివేళ్ళకూ తోక చివరకూ దారంలా బిగుసుకుపోయింది. తోక కొస నల్లబడుతోంది. బాపట్లలో శ్యామ్ అనే కుర్రాడు ఇలాంటివి పెంచుతాడు. సింధుకు దీన్ని ఇచ్చింది అతనే. తిరిగి తను తీసుకుంటానన్నాడు. ఫొటో చూసి, రోజూ స్నానం చేయించి ఆ తోలు వదిలిస్తే సరి, లేకపోతే నలుపు పైకి పాకుతుంది, తోక కోయించాల్సి వస్తుందన్నాడు.

"సింధు పెంచినట్టే అప్పజెప్పాలక్కా," అంది జయలక్ష్మి. "కోసిన తోకతో నేనివ్వలేను."

అబీదా పెట్టె మూత తీసి, బిడ్డను ఎత్తుకున్నట్టే రెండు చేతులూ పైనుంచి దించింది. జంతువు ఒక్కసారిగా ఉబ్బింది. గడ్డం బొగ్గులా నల్లగా మారింది. నోరు తెరిచి బుసకొట్టింది. ఆమె చేతులు వెనక్కి తీసుకుని శ్యామ్‌కు ఫోన్ చేయించింది.

"పైనుంచి చెయ్యి వస్తే గద్ద అనుకుంటుంది పెద్దమ్మా. పక్కనుంచి, దానికి కనబడేలా పెట్టండి. పొట్ట కిందకి పోనిచ్చి నాలుగు కాళ్ళూ ఆనేలా ఎత్తండి. తోక వేలాడకూడదు."

"బిడ్డ మెడ ఆపినట్టు తోక ఆపాలి. అంతేగా?"

"అంతేనండి. ఇంకోటి. ఇది ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా బిడ్డల్ని ముట్టుకోవద్దు."

అప్పటినుంచి ఆమె వరస మార్చుకుంది. పొద్దున తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగి, ముందు నగరం వెళ్ళి బిడ్డకు నీళ్ళు పోసేది. ఆ తర్వాతే తొండ. దాని బేసిన్ వేరు, తువ్వాలు వేరు.

చెయ్యి పక్కనుంచి పెట్టి, అదే ఎక్కేదాకా ఆగేది. నీళ్ళలో దింపాక మగ్గుతో మీద పొయ్యకుండా దోసిలితో వీపు తడిపేది. నీళ్ళు చల్లారకముందే మెత్తటి టూత్‌బ్రష్‌తో వేళ్ళ సందులు, తోక ముళ్ళు వెంట్రుకల వాలున రుద్దినట్టు ఒకే వైపు రుద్దేది. రెండుమూడు స్నానాలకు కాలివేళ్ళ తోలు పలచటి ఉల్లిపొరలా నీళ్ళ మీద తేలింది. తోక దగ్గర మాత్రం ఒక పట్టె అలాగే బిగిసి ఉంది.

"గోటితో లాగి పారెయ్యరాదా?" అంది గోడవతల ఆదిలక్ష్మి.

"బిడ్డ బొడ్డు లాగుతామా? అదే ఊడిందాకా ఆగమా? పచ్చి తోలుతో వస్తే ఉన్న తోక కూడా పోద్ది."

 ఆదిలక్ష్మి కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఒక పొద్దున మంచు బాగా కురిసింది. స్నానమయ్యాక తువ్వాలులో జంతువు కదలకుండా పడుంది. అప్పుడు జయలక్ష్మి, స్నానాలు మొదలయ్యాక తొలిసారి, గది లోపలికి వచ్చింది. ఆమె చేతిలో ధూపం వేసే మట్టి మూకుడు ఉంది. అందులో నిప్పులు, వాటిమీద సాంబ్రాణి.

"తడి ఆరాలిగా అక్కా."

అబీదా చెయ్యి చాచి మూకుడు అందుకుంది. తువ్వాలు కొసతో పొగను జంతువు వైపు విసిరింది. ఆ ఇద్దరూ ఆ గదిలోనే సింధుకు చేసిన పని అది. ఒకరు ఇవ్వడం, ఒకరు అందుకోవడం, ఆలోచించి చేసింది కాదు.

జంతువు మెడ పైకి చాచింది. గడ్డం నల్లబడింది. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి.

అబీదా మూకుడు కిటికీలోంచి బయటకు విసిరేసింది. తువ్వాలుతో సహా జంతువును ఎత్తి వసారాలోకి, మంచు విడిచి వాలుగా పడుతున్న ఎండలోకి పరిగెత్తింది. జయలక్ష్మి శ్యామ్‌కు ఫోన్ చేసింది.

"పొగా?" అన్నాడు శ్యామ్. "పొగ పెట్టారా ఆంటీ? దానికి అసలు పడదండి. ఇక లోపలికి తీసుకెళ్ళకండి. గాలి, ఎండ తగలనివ్వండి. నోట్లో నురగ వస్తే చెప్పండి, నేనొచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా."

జయలక్ష్మి వసారా మెట్టు మీద కూర్చుంది. "ఇది కూడా పోద్దా అక్కా?"

అబీదాకు తెలియదు.  జంతువును మోకాళ్ళమీద పెట్టుకుని, దాని తల తన గుండెల కన్నా కాస్త పైకి ఉండేలా పట్టుకుని కూర్చుంది. ఆ పూట రైలు వదులుకుంది. ఎండ మెట్లు దిగి వాకిట్లోకి జరిగితే ఆమె కూడా పీట జరుపుకుంది. గడ్డంలో నలుపు ముందు చెంపల దగ్గర విరిగింది, చాలాసేపటికి గొంతు దగ్గర. నురగ రాలేదు.

మర్నాడు అది ఏమీ తినలేదు. ఆ మర్నాడు కూడా తినలేదు. స్నానం ఆపమన్నాడు శ్యామ్. అబీదా వచ్చి కూర్చుని వెళ్ళేది. ఆ రెండు రోజులూ జయలక్ష్మి గుమ్మంలో నిలబడలేదు, పెట్టె పక్కనే కూర్చుంది. మూడోనాటి పొద్దున మందార పువ్వు రేక ఒకటి పట్టకారుతో పట్టుకుని, అబీదా చెప్పినట్టు పక్కనుంచి దాని మూతి దగ్గర పెట్టింది. అది నాలుక చాచి రేకను లాక్కుంది.

"తిందక్కా!" అని అరిచి, పట్టకారు కింద పడేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కూతురు పోయినప్పుడు కూడా ఆమె అలా బయటపడి ఏడవలేదు. అబీదా లేచి పట్టకారు కడిగి దాని చోట పెట్టింది.

మళ్ళీ స్నానాలు మొదలయ్యాయి. ఒకనాడు బ్రష్ ఆగిన చోట తోలు పట్టె కదిలింది. అబీదా బ్రష్ పక్కన పెట్టి, బొటనవేలితో నీళ్ళలోనే చుట్టూ తడిమింది. పట్టె చిన్న ఉంగరంలా జారి కొస దాటి వచ్చేసింది. కింద తోక లేత పసుపు రంగులో ఉంది. చిట్టచివర మిరపగింజంత నలుపు మిగిలింది.

ఆదివారం శ్యామ్ బాపట్ల నుంచి గాలి రంధ్రాలున్న పెట్టె తెచ్చాడు. పొడుగ్గా, మాట తక్కువగా ఉన్న కుర్రాడు. అబీదా చివరి స్నానం చేయిస్తుంటే పక్కన గొంతుక్కూర్చుని తోక చూశాడు.

"ఆ కాస్త నలుపు ఎండి దానంతటదే రాలిపోద్ది పెద్దమ్మా. కోయక్కర్లేదు."

"నాకూ అలాగే అనిపించింది బాబూ. పైకి పాకలేదు."

ఆమె వేలువేలునా తువ్వాలుతో తడి అద్దింది. పొట్ట కింద, దవడ కింద, కాళ్ళ మడతల్లో అద్ది, పొడి తువ్వాలులోకి మార్చింది. శ్యామ్ చేతులు చాచాడు. అబీదా ఇవ్వలేదు.

"ఆగు. నీళ్ళు పోశాక బిడ్డను ముందు తల్లికే ఇస్తాను. ఎవరింట్లోనైనా అంతే. జయా, కూర్చో."

"నావల్ల కాదక్కా."

"కాళ్ళు చాపి కూర్చో."

జయలక్ష్మి పీటమీద కాళ్ళు చాపి, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. అబీదా తడిగుడ్డ పిండి ఆమె కాళ్ళమీద పరిచి, జంతువును దానిమీద ఆనించి, జయలక్ష్మి అరచేతిని తీసి పొట్ట కిందికి తోసింది. రెండో చేతిని తోక కింద పెట్టింది. తన చేతులు తీసేసింది.

జయలక్ష్మి కళ్ళు తెరిచింది. "వెచ్చగా ఉంది," అంది.

"నీళ్ళ వేడి. కాసేపట్లో తగ్గుద్ది. ఈలోగానే పెట్టెలో పెట్టాలి."

జయలక్ష్మి దాన్ని పొట్ట కింద చేతులతో అలాగే ఎత్తింది. తోక వేలాడలేదు. శ్యామ్ రెండు చేతులూ పక్కనుంచి, దానికి కనబడేలా తెచ్చాడు. జంతువు ఒక కాలు, ఆపైన ఇంకో కాలు వేసి అతని అరచేతుల్లోకి నడిచింది.