మూరెడు పైపు

సింహాద్రి ఆటో అమ్మేసి ఆరేళ్లయినా, దానికోసం ఇంటి పక్కన వేసిన రేకుల పాకని ఊళ్లో వాళ్లింకా ఆటో షెడ్డనే అంటారు. ఆటో పోయాక ఆ ఖాళీలోకి ఒక్కొక్కటే వచ్చి చేరాయి. పాత మంచం పట్టీలతో తనే చేసుకున్న బల్ల, దానికి బిగించిన, ఇనుముని కదలకుండా పట్టే వైసు, గోడకి మేకుల మీద వరసగా పానాలు. తిత్లీ తుఫానుకి ఎవరింటి మీంచో ఎగిరొచ్చిన ఇనప గొట్టాలు కూడా ఆ మూలే ఉన్నాయి. ఎవరూ వెతుక్కుంటూ రాలేదు, అతను పారెయ్యనూ లేదు.

ఉద్యోగం వేరు. మంచినీళ్ల స్కీములో పంపు ఆపరేటరు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మోటారు వేసి, ఆపి, తాళం పెట్టుకుని రావడమే పని. మిగతా పొద్దంతా షెడ్డులోనే. తండ్రీ తాతా సముద్రం మీద బతికినవాళ్లే గాని, సింహాద్రికి పడవెక్కితే కడుపులో దేవుతుంది. చిన్నప్పుడు రెండుసార్లు తీసుకెళ్లి, తండ్రే విసిగి వదిలేశాడు. సముద్రం రాని ఆ చేతులకి ఇనుము మాత్రం చెప్పినట్టు లొంగింది. ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. విప్పి చూడటం, మళ్లీ బిగించడం, మిగిలిపోయిన నట్టు ఎక్కడిదా అని రోజంతా ఆలోచించడం, అదే అతని చదువు. తుఫాను తర్వాత పదిహేను రోజులు కరెంటు లేకపోతే, పాత ఆటో బ్యాటరీ మీద వీధి వీధంతటి ఫోన్లకీ చార్జింగు పెట్టాడు. చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్లకి కాకులు వాలకుండా పాత వలతో బోనులు చేసిచ్చాడు. అడిగినవాడికి కాదనడు, చేసినదానికి ఏమీ పుచ్చుకోడు. “మా ఆయనకి మోటారు కూస్తే సాలు, కడుపు నిండిపోతాది” అనేది భార్య కాంతమ్మ.

ఆవిడే ఇంకో మాట కూడా అనేది. “నీ పనులన్నీ ముప్పాతిక కాడ ఆగిపోతాయి.”

అదీ నిజమే. జబ్బేమిటో కనిపెట్టేదాకా అన్నం నీళ్లు గుర్తుండవు. కనిపెట్టి, అది తిరగడం మొదలుపెట్టాక అతనికి దానిమీద మనసు పోతుంది. స్విచ్చి వేలాడుతూనే ఉంటుంది. మూతకి నాలుగు మరలుండాల్సిన చోట రెండే ఉంటాయి. ఇంట్లో ఫ్యానుకి రెగ్యులేటరు బదులు పెట్టిన తీగముక్క మూడేళ్లు అలాగే ఉంది.

చెల్లెలు మోహినిని రెండు వీధుల అవతల, అదే ఊళ్లో ఇచ్చారు. మొగుడు కామేశ్ చేపల వేటకెళ్తాడు. అతనికో ఫైబరు పడవ, దానికో పాత డీజిలు ఇంజను. వలలో, నీటిపోటులో, గాలిలో కామేశ్‌కి తెలియంది లేదు. ఇంజను మాత్రం అతనికి దేవుడి గుడి లాంటిది. బయటనుంచి దండం పెట్టుకోవడమే.

ఏటా వేసవిలో పెట్టే వేట నిషేధం అయిపోవడానికి ఇంకా రెండు రోజులుందనగా, ఇంజను మొండికేసింది. కామేశ్, అతనితో కలిసి వేటకెళ్లే నాగరాజు, ఇద్దరూ దాన్ని మోసుకొచ్చి షెడ్డులో దింపారు.

“బావా, ఎల్లుండికి ఇది కూత్తాదా?”

“కూయకపోతే నా పేరు మార్సీ.”

రెండు రోజులూ సింహాద్రి దాన్ని వదల్లేదు. రింగులు అరిగిపోయాయని టెక్కలి వెళ్లి కొత్తవి తెచ్చి వేశాడు. వాల్వులు గంటలకొద్దీ నూరాడు. చివరికి డీజిలు పైపు బిగించబోతే పాతది చేతిలో పిండిలా రాలింది. అప్పుడు మళ్లీ టెక్కలి ఎవరెళ్తారు? బల్ల కింద వెతికితే తాపీమేస్త్రీలు లెవెలు చూసుకునే ప్లాస్టిక్ పైపు దొరికింది. మూరెడు ముక్క కోసి తొడిగి, రెండు పక్కలా కట్టుడు తీగ చుట్టి బిగించాడు.

“ఇదేటి బావా, గోడలు కట్టే పైపా?” అన్నాడు కామేశ్ నవ్వుతూ.

“రెండ్రోజులకి సాల్లే. బుధారం టెక్కలెల్తాను, అసలుది తెచ్చి ఏసీత్తాను.”

తాడు లాగగానే ఇంజను అందుకుంది. కామేశ్ మొహం వెలిగిపోయింది. ఆ పొగలోనే బావని వాటేసుకున్నాడు.

బుధవారం సింహాద్రి టెక్కలి వెళ్లాడు కూడా. కానీ అప్పటికి అతని బుర్ర నిండా వేరే మిషను తిరుగుతోంది. ఉద్దానం తోటల్లో కొబ్బరికాయల పీచు గునపం మీద వొలుస్తారు. రోజుకి వందల కాయలు వొలిచి, నలభై ఏళ్లకే భుజాలు పడిపోయినవాళ్లు ఎందరో. రెండు పళ్ల రోలర్లు, అర హెచ్‌పీ మోటారు, కాయ పెడితే పీచు ఊడిపోవాలి. అదీ ఊహ. దానికి సరిపడే బేరింగుల కోసం పాత ఇనప కొట్లన్నీ తిరిగాడు. దొరికాయి. ఆ సంతోషంలో బస్సెక్కేశాడు. నౌపడ దాటాక పైపు గుర్తొచ్చింది.

సర్లే, వచ్చే వారం అనుకున్నాడు.

వచ్చే వారం వెళ్లలేదు. ఇంజను గడియారంలా నడుస్తోంది. జూలైలో కామేశ్ ఒకసారి షెడ్డు గుమ్మంలో నిలబడి, “పైపు పచ్చబడిపోనాది బావా, రాయిలా గట్టిపడింది” అన్నాడు.

“నడుత్తంది గదా?”

“నడుత్తంది.”

“మరింకేటి? ఈ రోలరొకటి కుదరనీ, ఎల్లొత్తాను.”

కామేశ్ తలూపి వెళ్లిపోయాడు. బావ మాట మీద అతనికి అంత గురి.

ఆగస్టులో ఒకరోజు, పొద్దున పది దాటింది. సింహాద్రి గ్రైండరుతో రోలరు పళ్లు అరగదీస్తున్నాడు. నిప్పురవ్వలు, ఆ కీచుమనే మోత. ఉన్నట్టుండి మోత ఆగిపోయింది. కరెంటు పోయిందనుకుని తలెత్తాడు. కాంతమ్మ ప్లగ్గు పీకి చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. జుట్టుముడి ఊడిపోయింది.

“ఎంత అరిసినా ఇనపడదేటి నీకు! కామేశ్ పడవ బోల్తా కొట్టింది! ఒడ్డు కాడే!”

పరిగెత్తాడు. ఊరంతా అక్కడే ఉంది. పడవ వచ్చేదాకా బాగానే వచ్చింది. అలలు కరడాలై లేచి విరిగే చోట, ఒడ్డుకి ఇంకా కాస్త దూరం ఉందనగా ఇంజను ఆగిపోయింది. ఆగిన పడవ అలకి అడ్డం తిరిగింది. వెనక వచ్చిన పెద్ద కరడం దాన్ని చేటలా తిరగేసింది. వల, మనుషులు, చేపలు, అన్నీ దాని కింద. నాగరాజు డీజిలు డబ్బా పట్టుకుని బయటపడ్డాడు. కామేశ్ లేడు. ఈతగాళ్లు పదిమంది దూకి వెతుకుతున్నారు. మోహిని నడుం లోతు నీళ్లలో నిలబడి ఉంది. ఇద్దరు ఆడవాళ్లు ఆమెని చెరోపక్క పట్టుకున్నారు.

ఇసకలో బోర్లా పడి కక్కుకుంటున్న నాగరాజు దగ్గరికి వెళ్లి సింహాద్రి కూచున్నాడు. అందరూ కామేశ్ గురించి అడుగుతుంటే అతను వేరే అడిగాడు.

“ఇంజను ఎలా ఆగింది? టక్కున ఆగిపోనాదా?”

“లేదు అన్నా. దగ్గింది. దగ్గి, దగ్గి... మళ్లీ అందుకుంటాదనుకున్నాం. ఆగిపోనాది.”

విన్నవాళ్లెవరికీ అందులో ఏమీ తట్టలేదు. సింహాద్రికి మాత్రం తట్టింది. లోపల ఏదైనా విరిగితే ఇంజను ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. దగ్గి ఆగిందంటే డీజిలు అందలేదు. డీజిలుతో పాటు గాలి పీల్చింది.

మర్నాడు పొద్దున కామేశ్ దొరికాడు. ఉత్తరంగా, మూలపేట పోర్టుకి పోసిన రాళ్లగట్టు దగ్గర. మోసుకొచ్చినవాళ్లలో సింహాద్రి ఒకడు.

నాలుగో రోజున ఊరి పెద్దలు ఇంజనుని ఒడ్డుకి లాగిన పడవమీంచి విప్పించి, ట్రాలీలో షెడ్డుకి తెచ్చారు. “ఉప్పునీళ్లు తాగీసింది సింహాద్రీ. నువ్వే విప్పి కడగాల, లేపోతే ఎందుకూ పనికిరాదు. మోహినికి ఇంక మిగిలింది ఇదే” అన్నారు.

వాళ్లు వెళ్లాక తలుపు దగ్గరికి వేసుకుని విప్పాడు. ముందు పైపు వైపు చూడలేదు. రింగులు చూశాడు. అద్దంలా ఉన్నాయి. వాల్వులు చూశాడు. తను నూరినవి నూరినట్టే కూర్చున్నాయి. ఎక్కడో ఏదో విరిగి ఉండాలని, ఏ దేవుడైనా తనకి ఆ ఒక్కటీ చూపించాలని ఒక్కొక్క మరా విప్పుకుంటూ పోయాడు. ఏదీ విరగలేదు. చివరికి పైపు దగ్గరికి వచ్చాడు. తీగ కట్టిన చోటే నిలువుగా చీలి ఉంది. పడవ తిరగబడ్డప్పుడు తెగి ఉంటే చీలిక తెల్లగా, కొత్తగా ఉండాలి. గోరుతో విప్పి చూశాడు. లోపల నల్లగా మసి పట్టి ఉంది. అది రోజుల కిందటి చీలిక. రోజూ కాస్త కాస్త విచ్చుకుంటూ వచ్చిన చీలిక.

కాంతమ్మ వచ్చేసరికి అతను నేలమీద చతికిలబడి ఉన్నాడు. చెప్పాడు. ఆవిడ తలుపు గడియ పెట్టొచ్చింది.

“నిన్ను ఎవులైనా అడిగారా?” అంది.

“లేదు.”

“సముద్రం తీసుకుపోనాదని అందరూ అనుకుంతన్నారు. అననీ. మోహినికి తోడబుట్టినోడివి నువ్వొక్కడివే. ఆ ఒక్కడూ లేకుండా సెయ్యకు.”

అతను తలూపాడు. కర్మలు అయ్యేదాకా నోరు మెదపలేదు. మోహిని ప్రతిదానికీ అన్నమీదే వాలింది. పరిహారం కాగితాలమీద వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో అతనే చూపించాడు. కామేశ్ ఫొటోకి ఫ్రేము అతనే కట్టించాడు. వచ్చిన చుట్టాలకి ఆమె, “మా అన్నియ్య లేపోతే నానూ నా గుంట స్వాతీ ఏటయిపోదుమో” అని చెబుతుంటే అతను లేచి పెరట్లోకి వెళ్లేవాడు. అన్నం లోపలికి పోవడం మానేసింది. గ్రైండరు కంటపడకుండా దానిమీద గోనె కప్పేశాడు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం ఆగలేకపోయాడు. మోహిని అరుగుమీద కూచుని కామేశ్ వల చిక్కులు తీస్తోంది. కూతురు స్వాతి బడికి వెళ్లింది. సింహాద్రి మెట్టుమీద కూచుని, తలెత్తకుండా, మొదటినుంచీ చెప్పాడు. బుధవారం టెక్కలి వెళ్లింది, బేరింగులు కొన్నది, నౌపడ దాటాక గుర్తొచ్చింది, జూలైలో కామేశ్ గుమ్మంలో నిలబడి అన్నది, చీలికలో మసి. ఏదీ దాచలేదు.

మోహిని చేతులు ఆగిపోయాయి. ఏడవలేదు.

“ఆయన నాతో కూడా అన్నాడు” అంది. “పైపు పాతబడింది, బావకి మళ్లీ మళ్లీ సెప్తే బాగోదు అని.”

వల పక్కన పెట్టి, “ఇప్పుడు నాకెందుకు సెప్పావు?” అని అడిగింది.

“సెప్పకుండా ఉండలేకపోనాను మోహినీ. నిద్దర లేదు, తిండి లేదు...”

“నీ బరువు దింపుకోడానికి నా నెత్తినెట్టావా? సముద్రం మీద ఏడుత్తన్నాను. దాన్ని తిట్టుకుంతన్నాను. అదేటీ అనుకోదు. ఇప్పుడు నిన్ను ఎలా తిట్టను? తిట్టకుండా ఎలా ఉండను?”

సింహాద్రి లేచి కాళ్లమీద పడబోతే ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. “ఎల్లు అన్నియ్యా” అంది. అంతే.

ఎవరికీ చెప్పలేదు ఆమె. చెప్పి ఉంటే బాగుండేదేమోనని సింహాద్రికి అనిపించేది. ఊరు నిలదీసేది, పెద్దలు పిలిచేవారు, తలొంచుకుని నిలబడేవాడు. అదేమీ జరగలేదు. మోహిని అన్న ఇంట్లో భోజనానికి చెయ్యి కడగడం మానేసింది. కాంతమ్మ కూర పంపిస్తే తోమిన గిన్నె తిరిగొచ్చేది, ఆమె వచ్చేది కాదు. ఒకరోజు పరాయి ఊరి మనుషులిద్దరు వచ్చి, “మోహినమ్మ పంపింది” అని ఇంజనుని ఎత్తుకుపోయారు. ఎవరికిచ్చిందో అతను అడగలేదు.

షెడ్డుకి జనం వస్తూనే ఉన్నారు. మిక్సీలు, టేబులు ఫ్యాన్లు, రేడియోలు. “సెయ్యను” అనేవాడు. బావమరిది పోయిన దుఃఖంలో ఉన్నాడని కొన్నాళ్లు ఊరుకున్నారు. తర్వాత విసుక్కున్నారు. వేరే పడవ చూసుకున్న నాగరాజు ఒకరోజు వచ్చి ఇంజను చూడమని బతిమాలాడు. “టెక్కలి ఒట్టుకెల్లు. అక్కడ దుకానం ఉంది, మేస్త్రీ ఉన్నాడు” అన్నాడు సింహాద్రి. “ఇంత గీర ఏటన్నా నీకు” అని నాగరాజు కోపంగా వెళ్లిపోయాడు. పీచు వొలిచే మిషను సగంలో ఉండిపోయింది. దానిమీద కోళ్లు పడుకునేవి.

నవంబరులో మోహిని ఊరు విడిచింది. పలాసలో జీడిపిక్కలు కొట్టే పని దొరికిందని, పక్కనే కాశీబుగ్గలో గది తీసుకున్నానని కాంతమ్మతో మాత్రం చెప్పింది. బస్సు దగ్గరికి సింహాద్రి పిలవకుండానే వెళ్లాడు. రెండు సంచులు, ఒక ట్రంకుపెట్టె. పెట్టె బస్సులోకి ఎక్కించబోతే మోహిని వద్దనలేదు.

స్వాతి పరిగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది. పదకొండేళ్ల పిల్ల. “మావయ్యా, నా సైకిలు మీ ఇంటికాడే ఎట్టీసినాను. బ్రేకు పట్టడం లేదు. బాగుసేసి పంపుతావా?”

సింహాద్రి తన చేతుల వైపు చూసుకున్నాడు. “టెక్కలిలో సేయించి పంపుతానమ్మా” అన్నాడు.

“నువ్వే సెయ్యొచ్చు గదా?”

“పోయి సీటు సూసుకో” అని మోహిని పిల్లని లోపలికి పంపింది. కండక్టరు బస్సు చుట్టూ తిరుగుతున్నాడు. మోహిని అన్న వైపు తిరిగింది. ఆ మధ్యాహ్నం తర్వాత నేరుగా మొహంలోకి చూడటం అదే మొదలు.

“దానికి ఎప్పుడూ సెప్పకు. నాకు సెప్పినట్టు దానికి సెప్పకు. అది పెద్దదైనా సరే, నువ్వు సచ్చిపోతన్నా సరే. దానికొక మావయ్య ఉండనీ.”

అతను తలూపాడు. ఆమె బస్సెక్కింది.

ఆ వారంలోనే సైకిలుని బస్సు మీద వేసుకుని టెక్కలి వెళ్లాడు. వేరే మనిషి దాన్ని తిరగేసి బ్రేకు బిగిస్తుంటే పక్కనే స్టూలు మీద, చేతులు తొడల మీద పెట్టుకుని కూచున్నాడు. అక్కణ్నుంచే బస్సులో పలాస పంపించాడు. మర్నాడు సాయంత్రం స్వాతి ఫోను చేసింది. బ్రేకు గట్టిగా పడుతోందని, మావయ్య చాలా బాగా చేశాడని చెప్పింది. నేను కాదమ్మా అనబోయి ఊరుకున్నాడు.

“అమ్మ ఉందా?” అని అడిగాడు.

పిల్ల ఫోను పక్కకి తీసి ఎవరినో ఏదో అడిగింది. అవతలనుంచి మోహిని గొంతు లీలగా వినిపించింది.

“అమ్మ పనిలో ఉంది మావయ్యా” అంది స్వాతి.