సూరిబాబును సూర్యకళ చేశారు

కరోనా రెండో అల తగ్గిన ఏడాది, వానలు మొదలైన రోజుల్లో, మాదాపూర్‌లోని ఒక ఆడియో కథల కంపెనీ నన్ను స్క్రిప్టు పరిశీలకుడిగా తీసుకుంది. అప్పటికి నాకు అరవై దాటాయి. ఏడో తరగతిలో బడి మానేసి, బాలానగర్‌లో మందుసీసాల లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సులో కంపోజిటర్‌గా చేరినవాణ్ణి. సీసపు అక్షరాలు పోయి కంప్యూటర్లు వచ్చాక డీటీపీ నేర్చుకున్నాను. ఆ తర్వాత ప్రూఫులు దిద్దుతూ, చేతికందిన పుస్తకమల్లా చదువుతూ నాకు నేనే బడి పెట్టుకున్నాను. డిగ్రీ ఏదని ఆ కంపెనీలో ఎవరూ అడగలేదు. ఆ ఒక్క విషయానికి వాళ్ళను మెచ్చుకోవాలి. మెచ్చుకోలేని విషయం చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఇంటి దగ్గర బోరబండలో లోకల్ రైలెక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. అక్కడి నుంచి షేర్ ఆటో. ఆఫీసులో నా పని రెండు దశల్లో ఉండేది. మొదట, వచ్చిన కథను పైకి చదివి, వాక్యం నోటికి ఆనుతుందో లేదో చూడాలి. కంటితో చదివే వాక్యం వేరు, చెవితో వినే వాక్యం వేరు. రెండోది, స్టూడియోలో రికార్డయ్యాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని, స్క్రిప్టు ముందు పరుచుకుని వినాలి. ఎక్కడ మాట మింగారో, ఎక్కడ భావం తప్పిందో నిమిషం, సెకను సహా గుర్తు పెట్టి సౌండ్ ఇంజనీరుకు ఇవ్వాలి. దీన్ని ప్రూఫ్ లిజనింగ్ అనేవారు. ప్రెస్సులో కంటితో చేసిన పనే ఇక్కడ చెవితో చేశాను. నా పైన కంటెంట్ హెడ్ మాధవి గారు. కాకినాడ వైపు మనిషి, మాట మెత్తన. ఆమె పైన ఎవరెవరో ఉండేవారు. వాళ్ళు నాకు తెరమీద చిన్న చిన్న గడుల్లో మాత్రమే కనిపించేవారు.

నాకు అప్పగించిన విభాగం సైన్సు, అద్భుత కథలు. నర్సింహ అనే రచయిత కథ అందులోకే వచ్చింది. పేరు ‘నెమ్మది గాలి’.

ఒక గ్రహం. అక్కడి గాలి చిక్కటి జావ లాంటిది, శబ్దం అందులో నత్తలా నడుస్తుంది. ఒక లోయకు ఈ చివర మల్లేశం, ఆ చివర సూరిబాబు నీటి తొట్ల కాపలా ఉద్యోగంలో ఉంటారు. రేడియో ఆ గాలిలో పనిచేయదు. ఏడాదికొకసారి సరుకుల ఓడ దిగినప్పుడు కలుసుకుంటారు. మిగతా కాలమంతా ఒకరినొకరు పిలుచుకుంటారు, ఆ పిలుపు అవతలి చివరకు చేరడానికి ఒక ఋతువు మొత్తం పడుతుంది. వాళ్ళిద్దరూ ప్రేమించుకున్న మగవాళ్ళు. రచయిత ఆ సంగతిని దాచనూ లేదు, దండోరా వేయనూ లేదు. ఓడ దిగే ముందురోజు తొట్టి పగిలి సూరిబాబు చనిపోతాడు. ఓడ వాళ్ళు శవాన్ని తీసుకెళ్ళిపోతారు. మల్లేశానికి కబురు వాళ్ళ నోటే ముందుగా అందుతుంది, కానీ సూరిబాబు మాటలు మాత్రం ఇంకా దారిలోనే ఉన్నాయి. రోజూ ఒకటి వస్తూనే ఉంటుంది. “ఏమండీ మల్లేశం గారూ, అన్నం తిన్నారా?” మల్లేశం జవాబు చెబుతాడు, వినేవాడు లేడని తెలిసీ. చివరికి ఒకనాడు మాట కాదు, ఒక నవ్వు వస్తుంది. దాని తర్వాత ఏమీ రాదు.

నేను పాతికేళ్ళకు పైగా ప్రూఫులు దిద్దుతున్నాను. ఆ కథ మీద ఎర్రకలం పెట్టాల్సిన చోటు నాకు ఒక్కటీ కనిపించలేదు.

రికార్డింగుకు ముందు రచయితను పిలిపించి, గొంతు ఇచ్చే కళాకారులకు కథ చదివి వినిపించమనడం అక్కడి ఆనవాయితీ. నర్సింహ అలా వచ్చాడు. సిద్దిపేట పక్క మనిషి, కొండాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టరు, ముప్పై దాటి ఉంటాయి. చదవడం అయ్యాక కింద టీకొట్టు దగ్గర నిలబడ్డాం. సూరిబాబు నోట ఆ గోదావరి యాస అంత బాగా ఎలా పట్టావు, నువ్వు ఇటు మనిషివి కదా అని అడిగాను. గ్లాసు చేతిలో తిప్పాడు.

“కిరణ్‌ది సార్ ఆ మాట,” అన్నాడు. “తాడేపల్లిగూడెం. మేము కొండాపూర్ల ఒక్క ఇంట్లనే ఉన్నం, ఆరేండ్లు. నన్ను ఆట పట్టిచ్చెతందుకు ‘ఏమండీ నర్సింహ గారూ’ అంటుండె. నేను ఏంరా అంటే, ‘మొగుణ్ణి ఒట్టి పేరుతో పిలవకూడదంటండీ మా వైపు’ అని నవ్వుతుండె.”

కిరణ్ డెంగీతో పోయాడట. దవాఖానకు వాళ్ళ వాళ్ళు వచ్చారట.

“నువ్వు రూమ్మేటువా బాబూ అని వాళ్ళ నాయన అడిగిండు. అవునన్న. ఇంకేమంట సార్? జర లగేజీ సర్దమన్నరు. సర్దిచ్చిన. అంబులెన్సుల నాకు జాగ లేదన్నరు.” గ్లాసు కింద పెట్టాడు. “మేమేందో ఎవ్వలకు చెప్పలే సార్, ఆరేండ్లు. గీ కథల చెప్పిన. పది మంది ఇంటరు, గది చాలు.”

ఆ మనిషికి కావలసింది అంతే. దాని విలువ ఎంతో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

సూరిబాబుకు గొంతు ఇచ్చింది పార్వతీశం గారు, పాత రంగస్థల నటుడు. మాటలన్నీ ఒక పూటలో అయిపోయాయి, నవ్వు దగ్గర మాత్రం బండి ఆగింది. నర్సింహ అద్దం ఇవతల నుంచి మళ్ళీ, మళ్ళీ అంటూనే ఉన్నాడు.

“ముప్పై ఏళ్ళు ఏడుపు వేషాలే కట్టానండీ బాబూ, నవ్వు నా డిపార్ట్‌మెంటు కాదు,” అన్నాడాయన.

“గట్ల కాదు సార్. ముందుగాల నవ్వుతడు. నడుమ ఆపేస్తడు, ఎవరన్న చూస్తున్నరేమో అన్నట్టు. ఇగ ఆగలేక మళ్ళ నవ్వుతడు.”

పార్వతీశం గారు కళ్ళు మూసుకుని నవ్వారు, ఆపారు, మళ్ళీ నవ్వారు. నర్సింహ కుర్చీలోంచి లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సౌండ్ ఇంజనీరు ఫయాజ్ నా వైపు చూసి, “అయ్యింది చాచా,” అన్నాడు మెల్లగా.

ప్రూఫ్ వింటే ఒక్క తప్పు లేదు. ఓకే అని రాసి పైకి పంపాను. వారం తర్వాత మాధవి గారు పిలిచారు. కథ అందరికీ నచ్చిందట, చిన్న మార్పు మాత్రం కావాలట. సూరిబాబు సూర్యకళ కావాలి.

“మేం వ్యతిరేకం కాదండీ,” అన్నారామె. “పర్సనల్‌గా నాకైతే కళ్ళనీళ్ళొచ్చేశాయి. కానీ మన యాప్ ఫ్యామిలీలు కార్లో పెట్టుకుని వింటారు కదండీ.”

“అదే కార్లో గత నెల పాముకూ రాజుకూ పెళ్ళి చేశాం కదమ్మా. అంతకు ముందు నెల ఇంజనీరుకూ మరమనిషికీ చేశాం. ఎవరూ కారు దిగి పారిపోలేదు.”

“అవి ఊహలండీ.”

“ఇది వేరే గ్రహం కథ. ఇదేమిటి మరి?”

ఆమె బల్ల మీద పెన్ను సర్దారు. “ఇది వింటుంటే నిజంలా ఉందండీ. అదే ప్రాబ్లం.”

అంత నిజాయితీగా ఆ కంపెనీలో ఎవరూ ఏదీ చెప్పగా నేను వినలేదు. కోపం మాత్రం తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. మగవాడు మగవాణ్ణి ఏమండీ అంటే అందులో ఒక కొంటెతనం, దాని వెనక ఆరేళ్ళ కాపురం ఉన్నాయి. అదే మాట సూర్యకళ అంటే అది పెళ్ళాం మొగుణ్ణి పిలవడమే. ఆ లోయలో ఇంక ఏం మిగిలిందని ఆమెను అడిగాను. అంతకు రెట్టింపు గొంతుతో ఇంకా కొన్ని అడిగాను. అద్దాల ఆఫీసు కదా, అందరూ చూశారు. మర్నాటి నుంచి ఆ కథ నా బల్ల మీదికి రాలేదు. సవరించిన స్క్రిప్టును గానీ కొత్త రికార్డింగును గానీ నాకు చూపలేదు.

నర్సింహ కథ వెనక్కి ఇమ్మన్నాడు. కుదరదన్నారు. ఒప్పందంలో హక్కులు కంపెనీవి, ‘ప్రసారానికి అనువైన మార్పులు’ చేసే అధికారం కంపెనీది. ఆ రంగంలో అందరి చేతా పెట్టించే సంతకమే అది. కావాలంటే రచయిత పేరు తీసేస్తామన్నారు. అతను దానికి ఒప్పుకోలేదు. “కిరణ్ దోస్తులు ఒకరిద్దరన్న నా పేరు చూసి ఇంటరు సార్. వాళ్ళకన్న సమజైతదేమో,” అన్నాడు.

సూర్యకళ గొంతుతో కథ విడుదలైంది. ఆ మధ్యాహ్నమే నర్సింహ ఫోను చేశాడు. అతను ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు మొదట అర్థం కాలేదు.

“సార్, నవ్విండు! ఆఖర్ల నవ్విండు సార్. ఆమె మాట అయిపోయింది, గా సూరిబాబు నవ్వు వచ్చింది. తియ్యలే వాళ్ళు!”

నేనూ విన్నాను. నిజమే. కథంతా ఒక ఆడగొంతు “అన్నం తిన్నారా” అంటూ వచ్చి, చివర సద్దు మణిగాక, ఆ నవ్వు. నవ్వి, ఆగి, మళ్ళీ నవ్వడం.

జరిగింది ఇది. మాటలు ఒక ట్రాకులో, నవ్వులు దగ్గులు నిట్టూర్పులు వేరే ట్రాకులో రికార్డు చేయడం ఆ స్టూడియో పద్ధతి. ఒకే కథను హిందీలోనో తమిళంలోనో తీసినప్పుడు నవ్వు మళ్ళీ నవ్వించనక్కర్లేదు, ఉన్నదే వాడుకోవచ్చు. కొత్త కళాకారిణి చేత మాటలన్నీ చెప్పించి పాత మాటల ట్రాకు తీసేశారు. రెండో ట్రాకు ఒకటుందని ఎవరికీ గుర్తులేదు. ఫయాజ్ ఆ వారం సెలవులో ఉన్నాడు. ప్రూఫ్ వినాల్సినవాణ్ణి నేను, నన్ను వాళ్ళే తప్పించారు.

శ్రోతల వ్యాఖ్యలు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ‘మేడమ్ మొగోని లెక్క నవ్వుతుంది ఏంది’ అని ఒకరు. ‘దయ్యం కథ అని ముందే చెప్పొచ్చు కదా బ్రో’ అని ఇంకొకరు. ఒక్కరు మాత్రం, ‘ఆ చివరి నవ్వు ఎవరిదో గానీ, నాకు అన్నం దిగలేదు’ అని రాశారు. నర్సింహ ఆ వ్యాఖ్యను ఫోన్లో నాకు రెండుసార్లు చదివి వినిపించాడు. అప్పటికి అతని కథను విన్నది ఆ ఒక్కరే అని నా లెక్క.

మాధవి గారు నన్ను మళ్ళీ పిలిచి, ఆ నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తించి ఇమ్మన్నారు. నా ఉద్యోగం అదే. తప్పును గుర్తించమంటే గుర్తిస్తాను, ఇది తప్పు కాదు అని చెప్పి బయటికి వచ్చాను. నేను గుర్తించకపోతే ఆగుతుందా! సెలవు ముగించుకుని వచ్చిన ఫయాజ్ చేత తీయించారు. నవ్వు ఉన్నచోట వేణువు పెట్టారు. యాప్‌లో పాత ఫైలు మీద కొత్త ఫైలు కూర్చుంది. అంతకు ముందు అక్కడ ఒక నవ్వు ఉండేదనడానికి గుర్తు ఏదీ లేదు. ఆ వ్యాఖ్యలు కూడా ఇప్పుడు ఎవరికీ అర్థం కావు.

తుది ఆమోదం అయిన కథల ముడి రికార్డింగులు కొన్నాళ్ళకు చెరిపేస్తారు. చెరిపేలోగా ఆ నవ్వు ముక్కను నర్సింహకు ఇప్పించమని నేను మాధవి గారిని అడిగాను. ఆమె తన పైవాళ్ళను అడగకుండానే సరే అన్నారు. అది ఆమె ఉద్యోగానికి కొంత ప్రమాదమే, ఆ మాట నేను మరిచిపోను. ఫయాజ్ ఆ ముక్కను పెన్‌డ్రైవులో ఎక్కించి తెచ్చాడు. నర్సింహ వచ్చాడు. టీకొట్టు దగ్గరే నిలబడి చెప్పాను.

“వద్దు సార్,” అన్నాడు.

ఎందుకని అడిగాను.

“అది పార్వతీశం గారి నవ్వు. కిరణ్ నవ్వు నాకు యాదికున్నది, దానికి ఫైలు అక్కెర లేదు.” బండి తాళం చేతిలోకి తీసుకున్నాడు. “నేను ఒక్కన్ని ఇంట్ల తలుపేసుకొని ఇనుడా? గదే కద సార్ ఆరేండ్లు చేసినం. తలుపేసుకునుడు మాకు మంచిగ ఒచ్చు. గది ఒక్కటి చెయ్యొద్దనే రాసిన.”

పెన్‌డ్రైవు ఫయాజ్ జేబులోకే తిరిగి వెళ్ళింది. నర్సింహ టీ తాగకుండానే బండి తీశాడు. ఆ తర్వాత అతను మాకు గానీ, నాకు తెలిసి మరెవరికి గానీ కథ పంపలేదు.

ఏడాది తర్వాత నా కాంట్రాక్టు పొడిగించలేదు. దాని గురించి ఫిర్యాదు లేదు, వయసూ అయింది. ఇప్పుడు బోరబండలో మా ఇంటికి అప్పుడప్పుడు కొత్తగా రాసేవాళ్ళు వచ్చి, ఆడియో కంపెనీకి కథ ఇవ్వవచ్చా అని అడుగుతుంటారు. ఇవ్వండి అంటాను. ఎంతమంది వింటారని కాదు, సంతకం పెట్టాక దాన్ని మార్చే హక్కు ఎవరిదని ముందు అడగమంటాను. ప్రెస్సులో కూర్చిన అక్షరాల ఫారం మిషనెక్కి కాగితం బయటికి వచ్చాక యజమాని కూడా అక్షరం కదపలేడు. తప్పైనా నిలుస్తుంది, నిజమైనా నిలుస్తుంది. ఈ కొత్త పనిలో విడుదలైనదాన్ని కూడా ఎప్పుడైనా, ఎవరికీ చెప్పకుండా మార్చవచ్చు. కథను నిషేధిస్తే కనీసం నిషేధించారని నలుగురికీ తెలుస్తుంది. దిద్దితే తెలియదు.