తెరిచినవాళ్ళ లెక్క

మా మరదలు కథ రాస్తుంది. ఈ మాట అనగానే "ఓహో, పేపర్లో వస్తుందా?" అంటారు. రాదు. ఫోనులో ఒక యాప్ ఉంది, అందులో ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా చదవొచ్చు. అక్కడ భాగాలు భాగాలుగా రాస్తుంది. "అయితే డబ్బులొస్తాయా?" అనేది రెండో ప్రశ్న. రావు. "మరెందుకు?" అనేది మూడోది. ఈ మూడో ప్రశ్న అడిగినవాళ్ళ ప్యాంట్లు నేను కావాలనే ఆలస్యంగా ఇస్తాను.

మేమిద్దరం కలిసి బట్టలు సరిచేసే షాపు నడుపుతాం. షాపంటే మెట్ల కింద ఒక గది. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, అద్దం ముందు ఒక మనిషి నిలబడేంత చోటు. పొడుగైనవి తగ్గించడం, జిప్పులు మార్చడం, లావెక్కినవాళ్ళకి కుట్లు విప్పడం, చిక్కినవాళ్ళకి బిగించడం. కత్తెర నాది, సూది ఆమెది. ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు ఆమె ఫోను తీసి ఒక్క బొటనవేలితో టకటకా కొడుతుంది. ఒకసారి అలా కొడుతూ కొడుతూ ఎవరిదో కోటు చెయ్యి కాల్చేసింది. నేను అరిచాను. "ఒక్క వాక్యం వదినా, పోతుందేమోనని" అంది. "వాక్యం పోతే ఇంకోటి వస్తుంది, కోటు ఎవడిస్తాడే నీకు?" అన్నాను. ఆ కోటుకి మోచేతి దగ్గర అతుకు వేసి, అదే ఇప్పటి ఫ్యాషన్ అని నమ్మించి పంపాం.

ఆమె రాస్తున్నది ఒక ఆస్పత్రి ఆయా కథ. ఆ ఆయా మా అమ్మ. పేరు మార్చింది, అంతే. అమ్మ ఆ పని చేసే నన్నూ నా తమ్ముణ్ణీ పెంచింది. రోగుల పక్కబట్టలు మార్చింది, లేవలేనివాళ్ళని లేపింది, పోయినవాళ్ళ కళ్ళు మూసింది. ఇంటికొచ్చి వేణ్ణీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చునేది. అప్పటికి నాకు పెళ్ళై వేరే కాపురం. ఇంట్లో ఉన్న నా తమ్ముడు "ఏం వండావమ్మా" అనడమే గాని "ఏం జరిగిందమ్మా ఈరోజు" అని అడిగిన పాపాన పోలేదు. కోడలై వచ్చిన ఈ పిల్ల ఆ బకెట్ పక్కన పీట వేసుకుని అడిగింది. అమ్మ చెప్పింది. అమ్మ పోయాక ఆ మాటలన్నీ తనొక్కదాని దగ్గరే మిగిలిపోయాయని ఈ పిల్లకి ఒకటే గుబులు. అందుకే మొదలుపెట్టింది. తన పట్టు ఒక్కటే. ఆ మనిషి ఎలా బతికిందో, ఎలా పోయిందో, అబద్ధం కలపకుండా చివరిదాకా రాయాలి.

మొదట్లో చదివేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ప్రతి భాగం కింద ఒక కంటి బొమ్మ, దాని పక్కన ఎంతమంది తెరిచారో అంకె ఉంటుంది. ఆ కొద్దిమందిలో ఒకరు "కిటికీ పక్క సీటు" అని పేరు పెట్టుకున్నారు. ఆడో మగో తెలియదు, పెద్దవాళ్ళో చిన్నవాళ్ళో తెలియదు. ప్రతి భాగం చదివి కింద రాసేవారు. పొగడ్తలు కావు. "నిన్న ఆయా చెప్పులు తెగాయన్నారు. ఈరోజు వార్డంతా పరిగెత్తింది. ఏ చెప్పులతో?" అని ఒకసారి. "పిల్లాడు పోతే అందరూ ఏడ్చారని రాశారు. అందరూ ఒకేలా ఏడవరు. తండ్రి ఏం చేశాడు?" అని ఇంకోసారి. మా మరదలు సూది విసిరికొట్టి "వీళ్ళకేం తెలుసు వదినా!" అని రుసరుసలాడేది. సాయంత్రానికి మెత్తబడేది.

"నిజమే వదినా. పిల్లాడు పోయాడని చెప్పినా ఆ తండ్రి మందుల చీటీ పట్టుకుని షాపు వైపే వెళ్ళిపోయాడంట. అత్తయ్య చెప్పింది. నేనే వదిలేశాను."

మళ్ళీ కూర్చుని రాసేది. ఆ భాగం చదివి నేను ఇస్త్రీ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఇదిలా సాగుతుండగా మా తమ్ముడి కన్ను పడింది. వాడు పరుపుల షాపులో అమ్మకాలు చూస్తాడు. అక్కడి యజమాని గుమ్మం దాటి ఎంతమంది లోపలికి వచ్చారని రోజూ లెక్క అడుగుతాడు. ఆ లెక్క వాడి బుర్రకెక్కి కూర్చుంది. ఇక కంటి బొమ్మ కనబడగానే కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

"ఇన్నాళ్ళు రాస్తే ఇంతేనా వచ్చింది? నాకొదిలెయ్, నేను చూసుకుంటా" అని పాస్‌వర్డు పుచ్చుకున్నాడు.

పెళ్ళాం పదిమందికీ తెలియాలనే వాడి ఆశ, కాదనను. కానీ బుర్ర ఉండాలి కదా! బంధువులందరినీ ఒక గ్రూపులో పోగేశాడు. కొత్త భాగం రాగానే అందరూ తెరవాలి, మూయాలి, మళ్ళీ తెరవాలి. బదులుగా పిన్ని కొడుకు పాటల వీడియోలు మేం చూడాలి, మావయ్య స్థలాల ప్రకటనలు మేం నొక్కాలి. తెరిచి ఊరుకోకుండా ఒక మాట కూడా రాయాలని వాడి ఆజ్ఞ. "సూపర్ అక్కా", "కేక", "అదిరింది వదినా". పిల్లాడు పోయిన భాగం కింద మా బాబాయి "చాలా సంతోషం, ఇలాంటివి మరిన్ని జరగాలి" అని రాశాడు. చదివితేగా!

నాకు ఒళ్ళు మండి వాణ్ణి షాపుకి పిలిపించాను.

"ఒరేయ్, మీ షాపుకొచ్చి పరుపు మీద కూర్చుని, రెండుసార్లు ఎగిరి, కొనకుండా వెళ్ళిపోయేవాళ్ళని నువ్వేమంటావురా?"

"పనిలేని సంత అంటా."

"మరి నువ్వు పోగేసిన సంతో?"

"అది వేరక్కా. నీకు ఆన్‌లైన్ సంగతులు తెలియవు."

వేరేమిటో వాడికే తెలియాలి. అంకె మాత్రం వందలు దాటి వేలల్లో పడింది. మా మరదలు చొక్కాకి గుండీల కాజాలు కుడుతూ ఒకరోజు తనే అంది.

"అంకె పెరిగితే నాకూ బాగానే ఉండేది వదినా, అబద్ధమెందుకు. పదకొండు పధ్నాలుగైతే, ఆ ముగ్గురూ ఎవరా, ఎక్కడుంటారా అని రోజంతా ఆలోచించేదాన్ని. ఇప్పుడిన్ని వేలు కనబడుతున్నాయి, ఒక్క మనిషి కూడా గుర్తుకు రాడు. ఆ కిటికీ మనిషి ఏమన్నారో చూసుకుని ఫోను మూసేస్తున్నా."

ఇక అసలు సంగతి. కథ అమ్మ చావు దాకా వచ్చింది. అమ్మ తను పని చేసిన వార్డులోనే పోయింది, మిట్టమధ్యాహ్నం. నేనూ మరదలూ మంచం పక్కనే ఉన్నాం. నా తమ్ముడు రోడ్డవతల టీ కొట్లో ఉన్నాడు. నేను దిగి వెళ్ళి పిలిచాను. "నువ్వు పద అక్కా, ఇప్పుడే వస్తా" అన్నాడు. తర్వాత మరదలు వెళ్ళింది. అదే మాట. వాడికి భయం. అమ్మని అలా చూడాలంటే భయం. భయం ఎవరికి ఉండదు? దానికి నేను ఒక్క మాట కూడా అనలేదు. వాడు పైకొచ్చేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు.

నా కోపమంతా ఆ తర్వాత జరిగినదాని మీద. నెల తిరక్కుండానే "అమ్మ నా చేతిలో చెయ్యి వేసి పోయింది" అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. చుట్టాలు కళ్ళొత్తుకున్నారు. "కొడుకంటే నువ్వురా" అని వీపు తట్టారు. చెప్పగా చెప్పగా వాడే నమ్మేశాడు. అమ్మ తలుపు వైపు చూస్తూ పోయింది. "వాడేడే?" అని అడిగింది. ఆ మాట విన్నది మేమిద్దరమే.

ఆ భాగంలో మా మరదలు మొగుడి మాటే రాసింది. కొడుకు వచ్చాడు, చెయ్యి పట్టుకున్నాడు, తల్లి చల్లగా కన్ను మూసింది. నాకు చూపించింది.

"ఇదేంటే?" అన్నాను.

"ఆయన పరువు వదినా" అంది తల దించుకుని.

మింగలేక కక్కలేక ఊరుకున్నాను. భాగం పెట్టేసింది. గ్రూపు మొత్తం తెరిచి, మూసి, కేకలు పెట్టింది. ఆ కేకల అడుగున కిటికీ పక్క సీటు ఇలా రాశారు. "ఇప్పటిదాకా ప్రతి మనిషినీ ఉన్నదున్నట్టు రాశారు. ఈ కొడుకుని మాత్రం కాపాడారు. కథ మొత్తంలో తల్లి పక్కన ఒక్క పూట కూర్చోనివాడు ఇప్పుడొచ్చి చెయ్యి పట్టుకున్నాడంటే నేను నమ్మను. ఆమె చివరికి ఎటు చూసిందో మీకు తెలుసు. అది రాయండి."

షాపులో మేమిద్దరం అది చదివాం. "ఎవరు వదినా వీళ్ళు, మంచం పక్కన నిలబడి చూసినట్టు చెప్తున్నారు?" అంది మా మరదలు. "ఎవరైతేనేం, చదివినవాళ్ళు" అన్నాను. ఏం జవాబు రాయాలా అని ఆ రోజంతా తర్జనభర్జన పడింది.

మర్నాడు చూస్తే ఆ మాటలు లేవు. పాత భాగాలు తిప్పింది. చెప్పుల మాట లేదు, తండ్రి మాట లేదు. మొదటినుంచీ ఆ మనిషి రాసిన ఒక్క అక్షరం లేదు. మొగుడికి ఫోను చేసింది. పక్కనున్న నాకు వినబడుతూనే ఉంది.

"ఆ నెగటివ్ మనిషా? బ్లాక్ చేసి పారేశా. అలా బ్లాక్ చేస్తే వాళ్ళు రాసిందంతా తుడిచిపెట్టుకుపోతుంది, భలే సదుపాయం! అలాంటివి కింద కనబడితే కొత్తవాళ్ళు తెరవరు. ఒక్కరు పోతే ఏంటి, వెయ్యిమందిని తెస్తాగా."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడానికైనా కాస్త తెలివుండాలి. ఆ కొడుకు ఎవరో వీడికి తెలియలేదు. ఆ తల్లి ఎవరో తెలియలేదు. కన్నతల్లి కథని రోజూ తెరిచాడు, ఊరందరిచేతా తెరిపించాడు, ఒక్క పేజీ చదవలేదు. నేను ఫోను లాక్కుని నాలుగు తగిలించబోయాను. మా మరదలు నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఫోను పెట్టేసి, ఎవరిదో ప్యాంటు తీసుకుని కుట్లు విప్పసాగింది. విప్పాల్సింది ఒక కాలు. రెండూ విప్పేసింది.

ఆనక అడిగింది. "వదినా, అత్తయ్య ఆఖరికి ఏమంది? నేను విన్నదీ నువ్వు విన్నదీ ఒకటేనా?"

"వాడేడే అంది."

"నేనూ అదే విన్నాను."

బ్లాక్ తీసేసింది. తీసినా ఆ మాటలు తిరిగి రాలేదు, ఆ మనిషీ రాలేదు. "క్షమించండి, ఇది నేను చేసింది కాదు" అని ఒక మాట రాసి పెట్టింది. దానికీ జవాబు లేదు. పాత భాగం తీసేసి మళ్ళీ రాయడానికి కూర్చుంది. ఈసారి ఇస్త్రీపెట్టె వేడెక్కినా నేను పిలవలేదు. పని మొత్తం నేనే చేసుకున్నాను. టీ కొట్టు వచ్చింది. "ఇప్పుడే వస్తా" వచ్చింది. తలుపు వైపు చూపు వచ్చింది. ఆ తర్వాత, నెల తిరక్కుండా కొడుకు చుట్టాలకి చెప్పిన మాట కూడా వచ్చింది. ఎక్కడా తిట్టలేదు. ఉన్నదున్నట్టు రాసింది.

సెలవురోజున మా తమ్ముడు ఫోను ఊపుకుంటూ షాపులోకి దూకాడు.

"అక్కా! నిన్న సాయంత్రం పెట్టిన భాగం చూశావా? ఒక్క రాత్రిలో అంకె ఎక్కడికి పోయిందో! గ్రూపులో నేనే పెట్టా, అందరూ వెంటనే తెరవండి అని. బాబాయి ఆఫీసు వాళ్ళక్కూడా పంపాడు."

"నువ్వు చదివావా?"

"మనింట్లోదేగా, చదవడమెందుకు?"

ఇక నా వల్ల కాలేదు. కత్తెర బల్ల మీద కొట్టాను. "నోర్మూసుకుని ఆ అద్దం ముందు నిలబడరా! పైకి చదువు. ఒక్క ముక్క వదిలినా ఊరుకోను."

నవ్వుతూ మొదలుపెట్టాడు. వార్డు వచ్చింది, మంచం వచ్చింది. టీ కొట్టు దగ్గర గొంతు తగ్గింది. అక్క మెట్లు దిగి వచ్చి పిలిచిన చోట ఆగి నా వైపు చూశాడు. "చదువు" అన్నాను. ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని మళ్ళీ అందుకున్నాడు. "వాడేడే" దగ్గరికొచ్చేసరికి కూలబడిపోయాడు. వాడేడుస్తుంటే నాకు జాలి కలిగింది, కోపం మాత్రం తగ్గలేదు.

చివరికి తల ఎత్తి పెళ్ళాంతో అన్నాడు. "తీసెయ్యవే. నీకు దణ్ణం పెడతా. ఎవరైనా చదివితే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

మా మరదలు సూదిలో దారం ఎక్కిస్తూ, గొంతు పెంచకుండా అడిగింది.

"ఎవరు చదువుతారండీ? మీరు పోగేసిన ఇన్ని వేలమందిలో, ఇది చదువుతారని నమ్మకంగా ఒక్కరి పేరు చెప్పండి. ఇప్పుడే తీసేస్తాను."

వాడు నోరు తెరిచాడు. బాబాయి పేరు వస్తుందనుకున్నాను, రాలేదు. పిన్ని పేరు రాలేదు. ఒక్క పేరు కూడా రాలేదు. ఆ భాగం ఇప్పటికీ అక్కడే ఉంది.