వదిన కోసం ప్రార్థన మనవి

పక్షవాతం వదిన కుడి చేతినీ కుడి కాలినీ తీసుకుపోయింది గాని నోటి జోలికి మాత్రం రాలేదు. ఆ నోటితో ఆవిడ ఇంటిల్లిపాదినీ దులిపేసేది. ఇంటిల్లిపాదీ అంటే ఎవరు, తమ్ముడి భార్య ఒక్కతే, ఇంట్లోనే బట్టలు కుట్టే దర్జీ. లారీ తోలే ఆ తమ్ముడు వారానికోసారి వచ్చి, అక్క మంచం దగ్గర కాసేపు నిలబడి, భార్య ముఖం చూడకుండా వెళ్లిపోయేవాడు.

ఉన్నది ఒకటే గది. కిటికీ కింద కుట్టుమిషను, దానికి మూరెడు దూరంలో మంచం. దర్జీ బడిపిల్లల నిక్కర్లు కుడుతుంటే వదిన మంచం మీంచే వంకలు పెట్టేది.

"అది కుట్టా, కోడి నడిచిన జాడా? నిన్ను ఏం చూసి చేసుకున్నాడో మావాడు."

అన్నం నచ్చకపోతే ఎడమ చేత్తో కంచం విసిరేసేది. దర్జీ పంటిబిగువున మెతుకులు ఏరి, ఆవిడ ఒళ్లు తుడిచి, దుప్పటి మార్చి, మళ్లీ మిషను ముందు కూర్చునేది. శత్రువును కూడా ప్రేమించమన్న ప్రభువు మాట మీద ఆమెకు నిజంగానే గురి. అందులో వేషం లేదు.

కానీ ఓర్చుకునే మనిషికి ఓర్పు ఒక్కటీ చాలదు, చూసేవాళ్లు కూడా కావాలి. ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు ఒకరు జ్వరమనీ, ఒకరు ఉద్యోగమనీ లేచేవారు. దర్జీ లేచి, "మా వదిన మనసు మెత్తబడాలని ప్రార్థించండి" అనేది. మొదట్లో అంతే. తర్వాత కంచం సంగతి చేరింది, ఆ తర్వాత తిట్లు. ఒక ఆదివారం, "పక్క కూడా తడిపేస్తోందండీ, నన్ను సాధించడానికే" అనేసింది. పక్కనున్న ఆడవాళ్లు భుజం నిమిరారు. ప్రాణానికి ఎంతో హాయిగా అనిపించింది.

ఆ వారమే చర్చి స్త్రీల సమాజం వాళ్లు చెప్పాపెట్టకుండా ఇంటికి వచ్చారు. మంచం చుట్టూ నిలబడి కళ్లు మూసుకున్నారు. వాళ్లలో పెద్దామె, మంచి మనిషే, గొంతెత్తి మొదలుపెట్టింది.

"ప్రభువా, కంచాలు విసిరే ఈ చేతిని క్షమించు. మరదలిని సాధించడానికి పక్క తడిపే ఈ సోదరిని కడుగు."

దర్జీ కళ్లు తెరిచింది. వదిన తనవైపే చూస్తోంది. దర్జీ నిలువునా నీరైపోయింది.

ఆ రోజునుంచి వదిన నోరు పడిపోయినట్టయింది. తిట్టదు, వంక పెట్టదు, చెంచా దగ్గరికి తెస్తే పెదవి విప్పదు. గుక్కెడు నీళ్లు తాగి గోడవైపు తిరిగేది.

"రెండు ముద్దలు తినండి వదినా. పోనీ, నన్ను తిట్టండి" అని దర్జీ బతిమాలింది.

ఇలాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. ముక్కులోంచి గొట్టం వేద్దామంటే వదిన ఎడమ చేత్తో తోసిపారేసింది.

చర్చిలో మాత్రం ఒకటే సంబరం. "నోరెత్తడం లేదటగా, ప్రార్థన ఫలించింది. ఈ ఆదివారం దేవుడు చేసిన మేలుకు అందరిముందూ సాక్ష్యం చెప్పాల్సిందే" అంది పెద్దామె. దర్జీ ఆదివారం మైకు ముందుకు వెళ్లి నిలబడింది.

"ఆవిడ మెత్తబడలేదండీ. సిగ్గుతో చచ్చిపోతోంది. మనవి పేరు చెప్పి ఆవిడ పరువు ఇక్కడ తీసింది నేనే. నాకోసం ప్రార్థించండి."

ఈసారి ఎవరూ భుజం నిమరలేదు. పాస్టరుగారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు. అది అయ్యేదాకా ఆగకుండా ఆమె ఇంటిదారి పట్టింది.

మంచం పక్కన నేలమీద కూర్చుని, చర్చిలో అన్నదంతా వదినకు చెప్పింది. "తప్పు చేశాను. క్షమించండి వదినా."

వదిన గోడవైపునుంచి తిరిగింది. గొంతు ఎండిపోయి మాట పీలగా వచ్చింది.

"తిడతానని చెప్పుకో. కంచం విసురుతానని చెప్పుకో. అవి నేను చేసినవే. పక్క తడపడం మాత్రం కావాలని చేసింది కాదే. తెలియకుండానే అయిపోయేది. ఆ మాట నీతో చెప్పడానికి సిగ్గేసింది. కావాలని చేస్తున్నాననుకుంటే అనుకోనీ, అదే నయం అనుకున్నా."

దర్జీ ఏడ్చింది. ఏడుస్తూనే లేచి, దుప్పటి మార్చి, అన్నం మెత్తగా కలిపి తెచ్చింది. వదిన ఒక్క ముద్ద తిని, చాలని తల తిప్పుకుంది.

ఆ వారం దాటకుండానే ఆవిడ పోయింది. క్షమించానని గాని, క్షమించలేదని గాని చెప్పలేదు.