తాత గొప్పలకు ఇల్లంతా తలూపిన వారం

తలుపుల తాత చేతి తలుపు లేని వీధి ఆ చుట్టుపక్కల లేదు. కోర్టులో జడ్జిగారు లోపలికి వెళ్లే తలుపు ఆయనదే. ఆసుపత్రి పెద్ద గుమ్మం ఆయనదే. సినిమా హాలు తలుపులు ఎంతమంది తోసుకున్నా ఇప్పటికీ కిర్రుమనవు. ఊరి బడిలో అయిదో తరగతితో పలక పక్కన పెట్టేసి, మిగతా చదువంతా ఉలితోనే చదివిన మనిషి. ఇవన్నీ నిజాలు, ఎవరైనా వెళ్లి తోసి చూసుకోవచ్చు. నిజాల పక్కన ఆయన సొంతంగా బిగించిన గొప్పలు మరికొన్ని ఉన్నాయి.

భోజనాల దగ్గర రోజూ ఆ గొప్పల్లో ఒకటి బయటికి రావాల్సిందే.

"ఏరు పొంగి పొర్లుతుంటే, టేకు తలుపు నెత్తిన పెట్టుకుని అవతలి గట్టుకు నడిచాను, తెలుసా?"

"తలుపు కాదు, కిటికీ రెక్క," అనేది వంటింట్లోంచి భార్య. "పొంగనూ లేదు, పొర్లనూ లేదు. మోకాలి లోతు."

"తాతా, నెత్తిన అంత తలుపుంటే దారెలా కనిపించింది?" అనేది మనవరాలు. ప్రతిదానికీ అడ్డుప్రశ్న వేస్తుందని దానికి వకీలు అని పేరు పెట్టింది తాతే. కొడుకు గొంతు దాకా వచ్చిన నవ్వును మంచినీళ్లతో మింగేవాడు. తాత మీసం దువ్వుకుని, పట్టు వదలకుండా మళ్లీ మొదటినుంచీ చెప్పేవాడు. వాళ్లు కాదనకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు.

అలాంటి మనిషి ఒకరోజు మేడమెట్ల మధ్యలో ఆయాసంతో చతికిలబడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళ్లారు. "ఈ గుమ్మం ఎవరు చేశారో తెలుసా?" అని దారిలో కనిపించిన ప్రతి నర్సునూ అడిగాడు. పరీక్షలయ్యాక డాక్టరు కొడుకును పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడాడు. కొడుకు కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చి, "ఏం లేదు నాన్నా, గ్యాసట," అన్నాడు.

తాత నమ్మేశాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని ఏటి కథ ఎత్తుకున్నాడు. టేకు తలుపు అన్న మాట దగ్గర ఆగి, వంటింటి వైపు చెవి పెట్టాడు.

"అవునండీ," అంది భార్య. "తలుపే. బాగా పొంగింది కూడానూ."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వకీలు వైపు చూశాడు. అది తల వంచుకుని, "నువ్వు గొప్పోడివి తాతా," అని గొణిగింది.

మర్నాడు తలుపులు రెండయ్యాయి. ఎవరూ కాదనలేదు. ఆ మర్నాడు వాటి మీద ఒక మేకను కూడా ఎక్కించాడు. "పాపం, తడిసిందా మామయ్యగారూ?" అని కోడలు కొంగుతో కళ్లొత్తుకుంది. ఎవరినీ తాకనివ్వని తన వాలుకుర్చీని కొడుకు తానే మోసుకొచ్చి తండ్రికి వేశాడు. రేడియో ఇల్లెగిరిపోయేలా పెట్టినా నోరెత్తినవాళ్లు లేరు. మొదట తాతకు రాజభోగంలాగే ఉంది. కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, కాఫీ చల్లారిందని రెండుసార్లు తిప్పి పంపాడు. రెండుసార్లూ వేడిగా వచ్చింది. మూడోసారి తిప్పి పంపబోయి ఆగాడు. కాపురానికొచ్చిన నాటినుంచీ ఒక్క మాటైనా వదులుకోని మనిషి ఏకంగా ఏటినే వదిలేసిందంటే, ఇది గ్యాసు కాదు.

"ఏమిట్రా నాకు?" అని కొడుకును నిలదీశాడు.

"గ్యాసే నాన్నా."

"ఇంతమంది ఇంత హడావుడి పడే గ్యాసేమిట్రా? సిలిండరుతో సహా మింగానా?"

కొడుకు జారుకున్నాడు. తాతకు ఒళ్లు మండింది. ఊళ్లో ఎవరి గుమ్మానికి ఎంత తలుపు పడుతుందో చెప్పినవాడికి, వాడి కొలత వాడికే చెప్పరా? చెప్పించాలి. నోరు జారేది ఎవరో ఆయనకు బాగా తెలుసు. ఎక్కడ నొక్కితే జారుతుందో ఇంకా బాగా తెలుసు.

ఆ ఇంటి వంటింటి తలుపు గుమ్మానికి పట్టదు. పెద్ద పనుల తొందరలో ఒక పూటలో బిగించేసిన తలుపది. కింద బొటనవేలంత సందు. ఇల్లు కట్టిన దగ్గర్నుంచీ భార్య ఆ సందులో గుడ్డ కుక్కి, మడమతో తన్ని మూస్తోంది. పరువు పోతుందని బయటివాళ్ల ముందు ఏనాడూ అనలేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నాక తాత గొంతు సవరించుకున్నాడు.

"నా చేతిలో ఎన్నో తలుపులు లేచాయి గానీ, వంక పెట్టలేని తలుపంటే మన వంటింటిదే."

గరిటె చప్పుడు ఆగిపోయింది. కొడుకు తల్లి వైపు బతిమాలుతున్నట్టు చూశాడు.

"అవు..." అందామె.

"పాపం, బంగారంలాంటి తలుపు," అన్నాడు తాత తాపీగా. "ఈవిడ తన్ని తన్ని వంకర చేసింది."

"ఎవరండీ వంకర చేసింది!" గరిటెతో సహా ఇవతలికి వచ్చింది. "పుట్టడమే వంకరగా పుట్టింది! ఊరందరికీ నిగనిగలాడే తలుపులు, నాకు గుడ్డపేలికా? ఒక్కనాడు చిత్రిక పట్టిన పాపాన పోయారా? సోమవారం పోయి ఆ గుండె కోయించుకుంటూ మీరక్కడ పడుకుంటారు, ఇది మాత్రం నా మొహాన ఇలాగే వేలాడుతుంది!"

"అత్తయ్యా!" అంది కోడలు. కానీ మాట అప్పటికే పెదవి దాటింది.

"ఏ గుండె?" అన్నాడు తాత. గెలిచినవాడి గొంతు కాదది.

ఆమె గరిటె పట్టుకునే ఆయన పక్కన చతికిలబడింది. గుండెలో తలుపుల్లాంటివి ఉంటాయట. వాటిలో ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదట. కోసి బాగుచేయకపోతే ఎన్నాళ్లో ఉండరట. కోద్దామంటే ఈ వయసులో అదీ భయమేనట.

"నువ్వు బెంగపడతావని చెప్పలేదు నాన్నా," అన్నాడు కొడుకు. "సోమవారం పొద్దున నేను సంతకం పెడదామని..."

"నా గుండెకు నీ సంతకమేమిట్రా? నా చేతులు పడిపోయాయా?" అన్నాడు తాత, పంచె సర్దుకుంటూ. మళ్లీ తనే అడిగాడు: "ఇంతకీ అంత పట్టని తలుపు బిగించినవాడెవడట?"

"మన వంటింటిది చూసి నేర్చుకుని ఉంటాడు," అంది వకీలు, ముక్కు ఎగబీలుస్తూ.

తాత పకపకా నవ్వాడు. ఆయాసం వచ్చేదాకా నవ్వాడు. "కోయించుకుంటాను. సంతకం నేనే పెడతాను. సోమవారం లోపు ఈ వంటింటి తలుపు దింపి..."

"ఏమీ దింపక్కర్లేదు," అంది భార్య చప్పున. "ఇంటికొచ్చాక దింపుదురు గాని. అప్పటిదాకా గుడ్డ సంగతి నేను చూసుకుంటాను. రాకపోతే మాత్రం ఈ తలుపు వంకర ఊరందరికీ చెప్తాను."

"తలుపులో లోపం లేదే. గోడ వంకర."

"గోడ తిన్నగానే ఉంది. కొలత వంకర."

తాత మీసం దువ్వుకుని, కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ రోజు ఏరు పొంగి పొర్లుతుంటే..."

"మోకాలి లోతు," అందామె, అన్నం వడ్డిస్తూ.