డప్పు మొహం ఎటు

టవర్ మా గుట్ట మీద ఉంది, సిగ్నల్ మాత్రం మా ఇళ్లలో లేదు. ఇది అన్యాయం. మస్కట్‌లో పనిచేసే కూతురితో మాట్లాడాలంటే మా ఆవిడ మోకాళ్లు పట్టుకుంటూ ఆ గుట్ట ఎక్కేది. టవర్‌కు బిగించిన, డప్పులా గుండ్రంగా ఉన్న తెల్లదాని మొహం మా ఊరి వైపు తిప్పమని కంపెనీకి నాలుగు దరఖాస్తులు రాశాను. బడికి పోనివాడి రాత అనుకున్నారేమో, ఒక్కదానికీ జవాబు లేదు.

మెట్‌పల్లి నుంచి నిర్మల్ పోయే బస్సులో నా పక్కన ఒకతను తాళ్ల చుట్ట, పానాల సంచితో కూర్చున్నాడు. టవర్లెక్కే పని అని తెలియగానే నా కోపమంతా అతని మీద కక్కాను.

అతను నవ్వాడు. "డప్పును తిప్పుమంటవా తాతా? అది మైక్రోవేవ్ డప్పు."

"మైక్రోవేవ్ అంటే బువ్వ వేడిచేసే డబ్బ కాదా?"

"జాతి గదే, గిది మాటలు మోస్తది. ఫోన్లతోని మాట్లాడది. ఆవలి గుట్ట మీది డప్పుతోనే దాని ముచ్చట. జర పక్కకు జరిగినా ఆవలి ఊర్లన్నీ మూగబోతయ్."

"గట్లయితే మా ముసల్ది ఎక్కుడేనా?"

అతను అరచేతిని నా తల మీదుగా గాలిలో చదునుగా పోనిచ్చి, మెల్లగా నా మోకాలి వైపు వంచాడు. నా నంబర్, మా ఊరి పేరు రాసుకుని దిగిపోయాడు. పేరు అడగడం మరిచాను.

నెల తర్వాత మా ఇంట్లోనే నా ఫోన్ మోగింది. ఆవిడ అప్పుడు గుట్ట మీద ఉంది.

"డప్పును ముట్టలే తాతా. ఫోన్లకిచ్చే పొడుగు పెట్టెలు వేరే ఉంటయ్. వాటి సిగ్నల్ మీ నెత్తి మీదికెల్లి పోతుండె. సార్లకు చెప్పి జర మీ దిక్కు వంచినం. ఇగ అవ్వను దిగి రమ్మను."